షోరూమ్ సర్వీసింగ్ సరిగ్గా చెయ్యలేదు: ఏం చూడాలి, ఏం అడగాలి, ఎక్కడిదాకా వెళ్లాలి?

చైన్‌స్ప్రాకెట్ రాశారు:

అందరికీ నమస్కారం. బండి 125 సీసీ, బీఎస్6, ముందు డిస్కు, వెనక డ్రమ్ము. రీడింగ్ 11,400. వారంటీ నడుస్తోంది. పెయిడ్ సర్వీసుకి ఇచ్చి తెచ్చాక తేలినవి మూడు:

30-40 వేగంలో కింద నుంచి లయగా టిక్ టిక్ అని చప్పుడు.
ఇంజిన్ కింద డ్రెయిన్ బోల్టు (పాత ఆయిల్ దింపే బోల్టు) దగ్గర తడి.
క్లచ్ లివర్‌కి ఆట (క్లచ్ పట్టకముందు వదులుగా కదిలే దూరం) అసలు లేదు.

బిల్లులో ఆయిల్ 1 లీటరు, ఎయిర్ ఫిల్టర్ క్లీనింగ్, చైన్ క్లీనింగ్, బ్రేక్ అడ్జస్ట్‌మెంట్, థ్రాటిల్ బాడీ క్లీనర్, యాంటీ రస్ట్ కోటింగ్, చివర కన్స్యూమబుల్స్ అని ఇంకో లైను. అడిగితే "రన్నింగ్‌లో సర్దుకుంటుంది సార్" అన్నారు. షోరూమ్ పేరు ఇక్కడ అనవసరం. సర్దుకుంటుందా, లేదా?

---

టాపెట్‌గ్యాప్ రాశారు:

సర్దుకోదండీ. మూడూ బిగింపుల దగ్గర జరిగిన తప్పులే.

చప్పుడుతో మొదలుపెడదాం. సెంటర్ స్టాండ్ వెయ్యండి. ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో పెట్టండి. కింది వరస చైన్ మధ్యలో స్కేలు నిలబెట్టి, వేలితో చైన్‌ని పైకీ కిందికీ ఆడించండి. మొత్తం కదలిక ఎంతో చూడండి. మీ తరహా బండ్లలో సాధారణంగా 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఉంటుంది. అసలు అంకె చైన్ కవర్ మీదో స్వింగ్‌ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చెయ్యి) మీదో స్టిక్కర్‌లో ఉంటుంది, దాన్నే పట్టుకోండి. ఒక్కచోట కొలిచి వదిలెయ్యకండి. చక్రం పావు వంతు తిప్పి మళ్లీ, ఇంకో పావు తిప్పి మళ్లీ, అలా నాలుగుచోట్ల కొలవండి. ఒకచోట 25, ఇంకోచోట 10 వస్తే చైన్ సమంగా సాగలేదన్నమాట. వదులుగా ఉన్న చోట చూసి బిగిస్తే, బిగుతు చోటు స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) మీదికి వచ్చినప్పుడల్లా టిక్కుమంటుంది. మీరు చెప్పిన లయ సరిగ్గా అదే.

స్టాండ్ మీద బాగానే కనిపించిన చైన్ మనిషి ఎక్కగానే ఎందుకు బిగుసుకుంటుంది? బరువు పడితే స్వింగ్‌ఆర్మ్ పైకి కదులుతుంది. ముందు స్ప్రాకెట్, స్వింగ్‌ఆర్మ్ బోల్టు, వెనక యాక్సిల్ ఒకే గీతలోకి వచ్చినప్పుడు చైన్‌కి ఆట అన్నిటికంటే తక్కువ. స్టాండ్ మీద 10 మాత్రమే వదిలితే ఇద్దరు ఎక్కేసరికి ఏమీ మిగలదు. ఆ లాగుడంతా గేర్‌బాక్స్ అవుట్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ మీద పడుతుంది. చైన్ కిట్ పోవడం చిన్న ఖర్చు, ఆ బేరింగ్ కోసం ఇంజిన్ విప్పాల్సి వస్తే అది పెద్దది.

ఇంకోటి కూడా చూడండి. చైన్ బిగించడానికి యాక్సిల్ వెనక్కి జరుపుతారు. దాంతోపాటు డ్రమ్ము ప్లేటూ వెనక్కి జరుగుతుంది, బ్రేక్ రాడ్ లాగినట్టు అవుతుంది. ఆ తర్వాత బ్రేక్ మళ్లీ సెట్ చెయ్యకపోతే వెనక షూ రాసుకుంటూనే ఉంటుంది. చక్రాన్ని చేత్తో తిప్పండి, రెండు చుట్లు కూడా తిరగకుండా ఆగిపోతే అనుమానించండి. పెడల్ ఆట 20-30 మిల్లీమీటర్లు ఉండాలి. రెండువైపులా అడ్జస్టర్ గీతలు ఒకే అంకె దగ్గర ఉన్నాయో లేదో కూడా చూడండి. ఒకవైపు ఒక గీత తేడా ఉన్నా చక్రం వంకరగా నడుస్తున్నట్టే.

క్లచ్: లివర్ కొస దగ్గర 10-20 మిల్లీమీటర్ల ఆట ఉండాలి. సున్నా అంటే మీరు చెయ్యి వెయ్యకపోయినా క్లచ్ కొంత నొక్కే ఉంది. నాలుగో గేర్‌లో 40 దగ్గర యాక్సిలరేటర్ ఒక్కసారి తెరిస్తే ఇంజిన్ మోత పెరిగి వేగం పెరగకపోతే ప్లేట్లు జారుతున్నాయి. ఇది ఇవాళే సరిచేసుకోండి. లివర్ దగ్గరి అడ్జస్టర్ చక్రం చాలకపోతే ఇంజిన్ వైపు కేబుల్ నట్లు రెండు ఉంటాయి, వాటితో.

---

స్పానర్ 10-11 రాశారు:

డ్రెయిన్ బోల్టు సంగతి నేను రాస్తా.

బోల్టు కింద రాగిదో అల్యూమినియందో ఒక వాషర్ ఉంటుంది. బిగించినప్పుడు అది నలిగి సందు మూస్తుంది. ఒకసారి నలిగింది రెండోసారి అంతగా నలగదు. చాలా తక్కువ ధర వస్తువు, అందుకే మార్చరు. పాత వాషర్‌తో కారుతోందని ఇంకాస్త గట్టిగా బిగిస్తారు, అసలు ఇబ్బంది అక్కడే. కేసింగ్ అల్యూమినియం, బోల్టు ఉక్కు. చాలా కమ్యూటర్ బండ్లకి అక్కడ 24-30 న్యూటన్ మీటర్ల దగ్గర సరిపోతుంది. గాలి గన్నుతో బిగిస్తే మర పోతుంది. బోల్టు బిగుసుకోకుండా గుండ్రంగా తిరుగుతూ ఉంటే మర పోయినట్టే. అప్పుడు కొత్త వాషర్ పనికిరాదు, మర ఇన్సర్ట్ (పోయిన మర చోట కూర్చోబెట్టే కొత్త మర) వెయ్యాలి. దాని ఖర్చు బోల్టు బిగించినవాళ్లదే.

అది నిజంగా లీకేజా, లేక దింపిన ఆయిల్ ఒలికి తుడవకుండా వదిలేశారా? తేల్చుకోవడం తేలిక. గుడ్డతో శుభ్రంగా తుడిచి, ఇంట్లో ఉండే టాల్కమ్ పౌడర్ ఆ చుట్టూ పల్చగా అద్దండి. పది పదిహేను కిలోమీటర్లు నడిపి చూడండి. బోల్టు అంచు నుంచి తెల్లటి పౌడర్ మీద నల్ల గీత దిగితే లీకేజే. ఫొటో తియ్యండి, పక్కన రీడింగ్ కూడా తియ్యండి.

---

ఓరుగల్లు రైడర్ రాశారు:

అన్నా, బండి ఇచ్చే ముందటి రోజే ఒక పని చేసుకోండ్రి. ఇంట్ల నెయిల్ పాలిష్ ఉంటది కదా. ఎయిర్ ఫిల్టర్ డబ్బా స్క్రూ మీద, టాపెట్ కవర్ బోల్టు మీద, స్పార్క్ ప్లగ్ మీద, బోల్టుకు బాడీకి కలిపి సన్నటి గీత పెట్టండ్రి. తెచ్చుకున్నంక చూస్తే గీత గట్లనే ఒక్క లైన్ల ఉన్నదంటే దాన్ని ఎవ్వరు ముట్టలే. బిల్లుల "ఎయిర్ ఫిల్టర్ క్లీనింగ్" అని ఉంటే ఆడనే నిలబడి అడగొచ్చు. నోటితోని కొట్లాడుడు కన్న ఈ గీత మంచిగ మాట్లాడుతది.

ఎయిర్ ఫిల్టర్‌ల ఇంకో కత ఉన్నది. కొన్ని బండ్లకు నూనె పట్టించిన పేపర్ ఫిల్టర్ వస్తది. దాన్ని క్లీన్ చెయ్యొద్దు, గాలి కొట్టొద్దు, మాన్యువల్ చెప్పిన కిలోమీటర్లకు మార్చుడే. గాలి కొడితే నూనె పోతది, దుమ్ము ఇంజిన్లకు పోతది. గసొంటి బండికి "క్లీనింగ్" అని పైసలు తీసుకున్నరంటే పని చేసినా తప్పే, చెయ్యకున్నా తప్పే.

---

టాపెట్‌గ్యాప్ రాశారు:

ఓరుగల్లు గారి నెయిల్ పాలిష్ మాట నూటికి నూరుపాళ్లు నిజం. టాపెట్ విషయంలో, అంటే ఇంజిన్ వాల్వుల దగ్గర ఉంచే సన్నటి సందు విషయంలో, ఒక్క ముక్క కలుపుతాను. టాపెట్ చల్లని ఇంజిన్ మీదే చూడాలి. పొద్దున నడుపుకుంటూ వెళ్లి 10 గంటలకు ఇచ్చిన బండికి 10:30కల్లా టాపెట్ సెట్ అయిందంటే ఆ కొలతకు అర్థం లేదు. మరీ టైట్ చేస్తే చప్పుడు పోతుంది, కస్టమర్‌కి బాగుందనిపిస్తుంది. కానీ వాల్వు పూర్తిగా మూసుకోదు, పొద్దున స్టార్టింగ్ మొండికేస్తుంది, ఐడ్లింగ్ నిలవదు, ఎగ్జాస్ట్ వాల్వు కాలుతుంది. కాస్త టక్ టక్ వినిపించే టాపెట్టే నయం.

పేపర్ ఆయిల్ ఫిల్టర్ ఉన్న బండ్లు కొన్నిటిలో ఫిల్టర్ మీద "అవుట్ సైడ్" అని అచ్చు ఉంటుంది. ఆ వైపు బయటికి, కవర్ వైపుకి రావాలి. తిరగేసి పెడితే ఆయిల్ దారి మూసుకుపోతుంది. అక్షరాలు అంత పెద్దగా అచ్చేసినా తిరగేసేవాళ్లు ఉన్నారు.

---

గుంటూరు కారం కాదు మిర్చి రాశారు:

బిల్లు సంగతి చూద్దాం. చైన్‌స్ప్రాకెట్ గారూ, ఆయిల్ 1 లీటరు అని ఉంది కదా. మాన్యువల్ వెనక పేజీల్లో చూడండి. చాలా బండ్లకి ఆయిల్ కొలత రెండు రకాలుగా ఇస్తారు: దింపి పోసినప్పుడు ఒకటి, ఇంజిన్ విప్పి కట్టినప్పుడు ఇంకొకటి. సర్వీసులో పోసేది మొదటిదే, అది తక్కువ. బ్యారెల్ నుంచి గన్నుతో పోసి ఉంటే ఎంత పోశారో అంతకే బిల్లు వెయ్యాలి. సీసా విప్పి పోస్తే మిగిలింది మీది, సీసాతో సహా అడిగి తీసుకోండి. ఆ మిగులు కూడా ఇంజిన్‌లోనే పోసేస్తే లాభం అనుకోకండి. ఎక్కువైతే బ్రీదర్ గొట్టంలోంచి ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోకి ఎక్కుతుంది.

లెవెల్ చూసే పద్ధతి: బండి నిటారుగా ఉండాలి. మూడు నిమిషాలు ఐడ్లింగ్, ఆపి రెండు మూడు నిమిషాలు ఆగడం, తర్వాత డిప్‌స్టిక్ తుడిచి పెట్టి తియ్యడం. మర తిప్పి చూడాలా, ఊరికే ఆనించి చూడాలా అన్నది మాన్యువల్‌లో ఉంటుంది, బండిని బట్టి మారుతుంది.

ఆయిల్ రకం కూడా బిల్లులో ఉండాలి. గేర్ల బండికి జాసో (సీసా మీద ఉండే జపాన్ ఆయిల్ ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2. ఎంబీ అన్నది స్కూటర్లకి. క్లచ్ ఆయిల్‌లో మునిగి ఉండే బండికి ఎంబీ పోస్తే ప్లేట్లు జారతాయి. అసలే మీ క్లచ్‌కి ఆట లేదు, కాబట్టి ఇదీ ఒకసారి అడగండి.

ధర: సీసా మీద ఎంఆర్‌పీ అంటే అన్ని పన్నులూ కలిపిన ధర. దాని మీద మళ్లీ జీఎస్టీ కలిపి ఎంఆర్‌పీ దాటించకూడదు. 2025 సెప్టెంబరు 22 నుంచి బండి పార్టుల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. లేబర్ మీద 18 శాతమే. ఆ తేదీ తర్వాతి బిల్లులో పార్టుకి 28 శాతం కనిపిస్తే నిలదియ్యండి.

యాంటీ రస్ట్, థ్రాటిల్ బాడీ క్లీనర్, ఇంజిన్ ఫ్లష్, పాలిష్: మాన్యువల్ మెయింటెనెన్స్ పట్టికలో ఏవి ఉన్నాయో చూడండి. లేనివి మీరు ఒప్పుకుంటేనే. 11,000 కిలోమీటర్లకే యాంటీ రస్ట్ ఎందుకో నాకైతే అర్థం కాదు. ఇంకా "కన్స్యూమబుల్స్" అని ఒకే లైను ఉంటే విడదీసి ఇమ్మనండి: గ్రీజు ఎంత, చైన్ లూబ్ ఎంత, గుడ్డపీలిక ఎంత.

---

హైవే 65 రాశారు:

ఇంత గొడవెందుకు బ్రదర్? బయట తెలిసిన మెకానిక్‌కి 200 ఇస్తే అరగంటలో మూడూ సరిచేస్తాడు. షోరూమ్‌కి ఒక దండం.

---

టాపెట్‌గ్యాప్ రాశారు:

వారంటీ అయిపోయిన బండికైతే మీ మాటే నా మాట. వారంటీలో ఉన్నప్పుడు వద్దు. క్లచ్ కేబుల్, చైన్ సర్దుకోవడం మాన్యువల్‌లోనే యజమాని చేసుకునే పనుల కింద ఉంటాయి, అవి చేసుకోవచ్చు. డ్రెయిన్ బోల్టు మాత్రం ముట్టకండి. రేపు మర పోయిందని తేలితే "బయట విప్పించారు" అన్న ఒక్క మాటతో చేతులు దులుపుకుంటారు.

షోరూమ్‌లో ఇలా ఎందుకు జరుగుతుందో కూడా తెలిస్తే ఎక్కడ నొక్కాలో తెలుస్తుంది. ఎనిమిది గంటల షిఫ్టులో ఒక మెకానిక్‌కి పది బళ్లు అప్పగించారనుకోండి. బండికి 48 నిమిషాలు. అందులో వాషింగ్‌కి పంపడం, స్టోర్ నుంచి పార్టు తేవడం పోతే చేతికి మిగిలేది అరగంట. టైము పట్టే పనులన్నీ, అంటే టాపెట్, బ్రేక్ డ్రమ్ము విప్పి దుమ్ము దులపడం, కాలిపర్ పిన్నులకి గ్రీజు, ఇవే ఎగిరిపోతాయి. ఆయిల్, వాషింగ్ కంటికి కనిపిస్తాయి కాబట్టి అవి మిగులుతాయి. సర్వీస్ అడ్వైజర్ (షోరూమ్‌లో మన బండి తీసుకుని మాట్లాడే ఆయన) చూసేది బండికి సగటున ఎంత బిల్లు అయింది అన్నది, అందుకే స్ప్రేలు. కాబట్టి నెల మొదట్లోనో వారం మధ్యలోనో, పొద్దున మొదటి స్లాట్‌లో ఇవ్వండి. శనివారం, పండగ ముందు వద్దు.

---

స్పానర్ 10-11 రాశారు:

జాబ్ కార్డు మీద, అంటే బండి ఇచ్చేటప్పుడు చెయ్యాల్సిన పనులు రాసుకునే కాగితం మీద, ఏం రాయించాలో ఎవరూ చెప్పలేదు. సగం గొడవ అక్కడే తేలిపోతుంది. మందు రాయించకండి, జబ్బు రాయించండి. "చైన్ టైట్ చెయ్యాలి" అని రాస్తే టైట్ చేసి పంపిస్తారు, చప్పుడు పోకపోయినా వాళ్ల పని అయిపోయినట్టే. "30-40 వేగంలో, మూడో గేర్‌లో, చక్రం తిరిగే లయలో చప్పుడు. టెస్ట్ రైడ్‌లో చూపించాను" అని రాస్తే చప్పుడు పోయేదాకా పని అవ్వనట్టే. "బ్రేక్ చూడాలి" కాదు, "ముందు లివర్ మెత్తగా ఉంది, రెండుసార్లు నొక్కితే గట్టిపడుతోంది". అలా రాస్తే లైనులో గాలి ఉందని వాళ్లే ఒప్పుకోవాలి.

రీడింగ్, పెట్రోలు ఎంత ఉంది, గీతలు, అంచనా మొత్తం, ఇచ్చే టైము, అన్నీ నిండాకే సంతకం. కింద మీ చేత్తో "రాసిన పనులు కాక అదనంగా ఏది చేసినా ఫోన్ చేసి అడిగాకే" అని ఒక లైను. ఖాళీ కార్డు మీద సంతకం పెట్టకండి. కాపీ కాగితమైనా ఫొటో అయినా మీ దగ్గర ఉండాలి.

తెచ్చుకునేటప్పుడు డబ్బు కట్టేముందే ఒక రౌండు వెయ్యండి. గేటు పాస్ చేతికొచ్చాక ఎవరూ మీ ముఖం చూడరు. కొన్ని కంపెనీలు డెలివరీకి ఓటీపీ పంపుతాయి, చూసుకున్నాకే చెప్పండి. వాషింగ్ అయిన బండి కాబట్టి ముందు బ్రేకు రెండుసార్లు ఎక్కువ నొక్కి చూడండి. ప్యాడ్లు మార్చి ఉంటే లివర్ మొదటి నొక్కుడికి ఖాళీగా పోతుంది, పంపు చెయ్యకుండా రోడ్డెక్కితే ప్రమాదం.

---

సెక్షన్_35 రాశారు:

ఇక ఫిర్యాదు వరస. మొదటి మెట్టు మళ్లీ అదే షోరూమే, కానీ నోటితో కాదు. వెనక్కి తీసుకెళ్లినప్పుడు "ఇలా ఇవ్వండి, అయిదు నిమిషాల్లో చూస్తాం" అని కార్డు లేకుండా తీసుకుంటారు. ఒప్పుకోకండి. కొత్త జాబ్ కార్డు తెరిపించి, పాత కార్డు నంబరు అందులో రాయించండి. అదే రేపు "అదే లోపంతో రెండోసారి వచ్చింది" అనడానికి రుజువు.

అదే రోజు వర్క్స్ మేనేజర్‌కి మెయిల్, కంపెనీ కస్టమర్ కేర్‌కి కాపీ. మెయిల్ ఇంతే చాలు:

"బండి నంబరు ..., జాబ్ కార్డు ..., తేదీ ..., రీడింగ్ 11,400. డెలివరీ తర్వాత గమనించినవి: చైన్ ఆట నాలుగుచోట్ల కొలిస్తే ..., ..., ..., ... మి.మీ. స్టిక్కర్ ప్రకారం ఉండాల్సింది ... మి.మీ. డ్రెయిన్ బోల్టు వద్ద ఆయిల్ లీకేజీ, ఫొటో జతచేశాను. క్లచ్ లివర్ ఆట 0. వీటిని రుసుము లేకుండా సరిచేయాలి. చేయని పనికి వసూలు చేసిన రూ. ... తిరిగి ఇవ్వాలి. 7 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు కోరుతున్నాను."

కోపం, సోషల్ మీడియా బెదిరింపు ఏదీ వద్దు. అంకెలే మాట్లాడాలి. కంపెనీ నుంచి టికెట్ నంబరు వస్తుంది, అది ఏరియా సర్వీస్ మేనేజర్ దాకా వెళ్తుంది. షోరూమ్ వాళ్లు నిజంగా లెక్కచేసేది ఆయన్నే.

అక్కడ తేలకపోతే 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్లు కంపెనీకి పంపి రాజీ చేయించగలరు గానీ ఆర్డర్ వెయ్యలేరు. ఆ తర్వాతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయర్ తప్పనిసరి కాదు. రెండేళ్ల లోపు వెయ్యాలి. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చెయ్యొచ్చు. వాట్సాప్ సంభాషణలు పెడుతుంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచెయ్యండి.

---

హైవే 65 రాశారు:

వందల్లో ఉండే సర్వీసు బిల్లుకి కమిషనా సార్? ఎన్నేళ్లు తిరగాలి?

---

సెక్షన్_35 రాశారు:

న్యాయమైన ప్రశ్నే. ల్యాబ్ పరీక్ష అక్కర్లేని కేసు మూడు నెలల్లో, పరీక్ష కావాల్సింది అయిదు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. ఆచరణలో అంతకంటే చాలా లాగుతుంది. అవతలి పక్షం జవాబుకి 30 రోజులు, మహా అయితే ఇంకో 15. అందుకే వందల రూపాయల గొడవకి నేనైతే 1915 దగ్గర ఆగుతాను. డ్రెయిన్ మర పోవడం, ఆయిల్ లేక ఇంజిన్ పట్టెయ్యడం, వారంటీ నిరాకరించడం లాంటి వేలల్లో నష్టానికే కమిషన్.

అప్పుడు కూడా ఒక జాగ్రత్త. "సర్వీసు లోపం" అని వేస్తారా, "తయారీ లోపం" అని వేస్తారా ముందే తేల్చుకోండి. తయారీ లోపం అంటే నిపుణుడి నివేదిక కావాల్సి వస్తుంది. సర్వీసు లోపానికి రెండు జాబ్ కార్డులు, బిల్లు, ఫొటోలు, మెయిళ్లు చాలా దూరం తీసుకెళ్తాయి. రెండూ కలిపి కలగాపులగం చేస్తే షోరూమ్ కంపెనీని చూపిస్తుంది, కంపెనీ షోరూమ్‌ని చూపిస్తుంది. ఇద్దర్నీ ప్రతివాదులుగా చేర్చండి.

---

సిల్క్‌బోర్డు తెలుగోడు రాశారు:

బండి కొన్నది, సర్వీసు చేయించింది కర్నూలులో. ఉద్యోగం బెంగళూరు. కేసు కోసం అక్కడికే వెళ్లాలా?

---

సెక్షన్_35 రాశారు:

అక్కర్లేదు. అదే 2019 చట్టం 34వ సెక్షన్ ప్రకారం మీరు ఉంటున్న చోట గానీ, పనిచేస్తున్న చోట గానీ వెయ్యొచ్చు. అద్దె ఒప్పందమో ఆఫీసు గుర్తింపు పత్రమో జతపరచండి.

---

ఓరుగల్లు రైడర్ రాశారు:

సర్వీసు అయిన రెండు మూడు రోజులకు "పదికి పది ఇయ్యండి సార్" అని ఫోన్ వస్తది చూడు, దాన్ని ఊకె పెట్టేయకుండ్రి. ఆ మార్కుల మీద అడ్వైజర్ ఇన్సెంటివ్ నడుస్తది చాన చోట్ల. లోపం సరి కాకముందే పది అంటే మీరే మంచిగుందని రాసిచ్చినట్టు. "జాబ్ కార్డు నంబరు ఫలానా, మూడు లోపాలు ఉన్నయ్, ఇంక సరి కాలే" అని మాత్రమే చెప్పుండ్రి. గంట తిరగకముందే వర్క్స్ మేనేజర్ ఫోన్ చేసినా చేస్తడు.

---

చైన్‌స్ప్రాకెట్ రాశారు:

అందరికీ థాంక్సండీ. కొలిచాను: 24, 22, 11, 19. స్టిక్కర్ మీద 20-30. పౌడర్ మీద గీత పడింది. మెయిల్ పంపుతున్నా. ఒక్క సందేహం: బోల్టు, వాషర్ మారిస్తే పాతవి అడగొచ్చా?

---

స్పానర్ 10-11 రాశారు:

డబ్బు కట్టి మార్పించుకున్న పాత పార్టు మీదే, అడిగి తీసుకోండి. వారంటీలో ఉచితంగా మార్చింది మాత్రం కంపెనీ వెనక్కి తీసుకుంటుంది, దాన్ని అక్కడే చేతిలో పెట్టుకుని ఫొటో తీసుకోండి. బోల్టు మర మధ్య వెండిరంగు పొడి, సన్నటి తీగలాంటి ముక్కలు అతుక్కుని ఉంటే అది కేసింగ్ అల్యూమినియమే. అది కనిపిస్తే వాషర్‌తో సరిపెట్టనివ్వకండి. మర ఇన్సర్ట్ అని జాబ్ కార్డులో రాయించాకే తాళం ఇవ్వండి. ఇక మీ 11 దగ్గర చైన్‌ని వదులు చేస్తే వదులు చోటు 30 దాటేలా ఉంది. ఒకే చైన్‌లో అంత తేడా ఉంటే అడ్జస్ట్‌మెంట్ పని కాదు, కిట్ మొత్తం చూపించండి. రెండు స్ప్రాకెట్లూ, చైనూ కలిపే మార్చాలి. చైన్ ఒక్కటే మారిస్తే అరిగిన పళ్లు కొత్తదాన్నీ త్వరగా తినేస్తాయి.